చెంబెడు నీళ్లు, వెయ్యి వాట్లు

పెట్టె మీద ‘వెయ్యి వాట్లు’ అని అచ్చేసిన మ్యూజిక్ సిస్టమ్ కనబడితే ఇప్పటికీ నాకు కడుపు మండుతది. వాట్ అంటే ఏందో తెలిసినోడు ఆ మాట అచ్చెయ్యడు. తెలిసి కూడ అచ్చేసినోణ్ని ఏమనాలెనో ఇక్కడ రాయను.

నేను బడిల చదివింది ఏడో తరగతి. పటేల్‌గూడ పక్కనున్న పెద్ద ప్లాంటుల, మోటర్లకు రాగి తీగ చుట్టే సెక్షన్‌ల పనిచేసిన. కరెంటు సంగతి సంగారెడ్డి లైబ్రరీల పాత పుస్తకాలు చదివి, డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు మ్యాగజీన్లు చదివి నేర్చుకున్న. మిగిలింది కాలిపోయిన మోటర్లు నేర్పినయి. కాలిన మోటరు విప్పితే, ఎవడో మోయలేని బరువు దాని మీద ఏసిండని తెలిసిపోతది. ఏసినోని పేరు మాత్రం బయటకు రాదు. మోటరే మంచిది కాదంటరు.

ఇది తొంభైల మొదట్ల ముచ్చట. మా సెక్షన్ ఇంజనీరు సారుది కోస్తా జిల్లా. నౌకరీకి వచ్చి ప్లాంటు క్వార్టర్స్‌ల ఉండేటోళ్లు. మిషన్లు బిగించనీకి వచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన తిరిగి పోతూ తన స్పీకర్లు సారుకు ఇచ్చిపోయిండు. నా నడుము దాటిన ఎత్తు. ఇద్దరు పడితే గాని ఒక్కొక్కటి జరగదు. లోపల ఏది కాలినా దాని జోడు హైదరాబాద్‌ల కాదు, బొంబాయిల కూడ దొరకదు. ఆంప్లిఫైయర్‌ను మాత్రం ఆయన వెంట తీసుకపోయిండు. అది లేకుంటే స్పీకర్లు ఉత్త చెక్క బీరువాలు.

“వీటికి తగ్గ ఆంప్లిఫైయర్ చూడాలయ్యా. నువ్వు దగ్గరుండి చెప్పు,” అన్నరు సారు.

అంతమంది డిగ్రీలోళ్లు ఉండంగ నన్నడిగిండ్రని నాకు గర్వమైంది. అబద్ధమెందుకు.

స్పీకర్ వెనక రేకు మీద ఎనిమిది ఓమ్‌లని రాసి ఉండె. ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డం. అడ్డం తగ్గిన కొద్ది ఆంప్లిఫైయర్ ఎక్కువ కరెంటు పొయ్యాలె. రెండు ఆదివారాలు సారు ఇంట్ల కింద కూసొని మీటరు పెట్టి కొలిచిన. సన్న గొంతు కాడ ఎనిమిదే. డోలు మోగే కింది చప్పుడు కాడికి వచ్చేసరికి మూడుకు పడిపోతున్నది. అంటే పైకి సాధువు, లోపల రాక్షసుడు.

“ఎనిమిదని రాసుంది కదయ్యా?” అన్నరు సారు.

“రాసింది సార్. లారీ మీద కూడ ఇన్ని టన్నులని రాస్తరు. హైవే మీద ఎంతేసుకొని పోతున్నయో మీరు రోజూ సూస్తలేరా?”

సారు నవ్విండ్రు. ఆ నవ్వు చూసి నా మాట నిలబడ్డదనుకున్న.

ఇగ ఎంచుకునేది రెండిట్ల ఒకటి. మొదటిది సంగారెడ్డిల ఒక ముసలి రేడియో మెకానిక్ చేత్తోని చేసింది. నల్ల రేకు డబ్బా, చప్పుడు పెంచ తగ్గించనీకి ఒక్క మర, ఒక్క ఎర్ర బల్బు. లోపల గుమ్మడికాయంత ట్రాన్స్‌ఫార్మర్. “అరవై వాట్లు. ఒక్క వాట్ ఎక్కువ చెప్ప, ఒక్కటి తక్కువియ్య,” అన్నడాయన. చూసి నచ్చితేనే ఉంచుకోమని నాకు అప్పజెప్పిండు. మోసుకొచ్చేసరికి నా భుజం గుంజింది.

రెండోది సారు తోడల్లుడు తెచ్చిండు. ఆయనకు సిటీల ఎలక్ట్రానిక్స్ దుకాణం. వెండి రంగు ముఖం, పాటకు ఎగిరే పచ్చ లైట్లు, మీద ఇంత లావు అక్షరాలతోని వెయ్యి వాట్లు. దాన్ని ఒంటిచేత్తోని ఎత్తి బల్ల మీద పెట్టిండు. అక్కడనే నాకు అనుమానం పుట్టింది. కరెంటు ఇయ్యాలంటే లోపల ఇనుము, రాగి ఉండాలె. ఇనుముంటే బరువుండాలె.

నేరుగ స్పీకర్లకు పెట్టి చూసుడంటే నాకు భయం. మా సెక్షన్‌ల చుట్టిన మోటరును లోడు మీద నడిపి చూడకుండ బయటకు పంపం. దీనికి కూడ గట్లనే ఒక ఉత్తుత్తి లోడు తయారు చేసిన. పాత కరెంటు పొయ్యిల స్ప్రింగు తీసి, మూడు ఓమ్‌లు చూపెట్టే కాడికి తెంపి, రాగి చెంబుల నీళ్లు పోసి, అంచుకు తాకకుండ ముంచిన. స్పీకర్‌కు పోవలసిన కరెంటు స్ప్రింగుకు పోతది. పాట రాదు, నీళ్లు కాగుతయి. ఎంత కాగితే అంత నిజం.

ఆదివారం పగటి భోజనానికి సారు ఇంటికి చుట్టాలు, పక్క క్వార్టర్లోళ్లు వచ్చి ఉన్నరు. నా చెంబు చూసి తోడల్లుడు పకపక నవ్విండు.

“అన్నయ్యా, పాటలు వింటారా, టీ పెట్టుకుంటారా? పెట్టుకుంటే పంచదార తక్కువేయమను నాకు!”

అందరు నవ్విండ్రు.

“మీ ఇంట్ల నీళ్లు కాచే హీటరు ఎన్ని వాట్లు సార్?” అన్న.

“వెయ్యి. అయితే?”

“ఇది కూడ వెయ్యే గద. హీటరు పెడితే ఈ చెంబు ఐదారు నిమిషాల్ల మరుగుతది. మీది అండ్ల సగం చేసినా, ఇక్కడనే చెవులు పట్టుకొని గుంజీలు తీస్త.”

“అది మ్యూజిక్ పవర్ బాబూ. వేడినీళ్ల పవర్ వేరు.”

“వాట్‌కు రెండు కులాలు లేవు సార్!”

గొంతు కొంచెం లేసింది. సారు నన్ను కండ్లతోని ఆపిండ్రు.

ముందుగాల నల్ల డబ్బా పెట్టిన. పావుగంట నడిచింది. నీళ్లల్ల వేలు పెడితే తానం నీళ్ల లెక్క వెచ్చగున్నయి. పక్క క్వార్టరాయన కూడ వేలు పెట్టి తలకాయ ఊపిండు. నీళ్లు మార్చి వెండి డబ్బా పెట్టిన. మూడో నిమిషంల లోపల టిక్కుమని దానంతట అదే బందైంది. ఆపి మళ్ల పెట్టిన, మళ్ల టిక్కు. నీళ్లు చెరువు నీళ్ల లెక్క సల్లగున్నయి.

“పాపం కొత్తది! దాన్ని నీళ్లలో పెట్టి హింస పెడితే ఏ డబ్బా అయినా ఆగిపోతుంది,” అన్నడు తోడల్లుడు. ముఖంల నవ్వు పోయింది.

సారు నన్ను వరండాలకు పిలిచిండ్రు. గొంతు తగ్గించి, “నువ్వు చెప్పింది నిజమేనయ్యా. కానీ వాడు చుట్టం. పదిమందిలో పట్టుకుపొమ్మంటే మా ఆవిడ చెల్లెలు ఈ గడప తొక్కదు. కాసేపు పెట్టి చూద్దాం, ఏం కాదులే,” అన్నరు.

ఏం కాదులే. ఆ మాట విన్న తర్వాత విప్పిన మోటర్లు నాకు లెక్కలేనన్ని.

“సార్, మీ ఇష్టం. మరను మాత్రం సగం దాటనియ్యకుండ్రి,” అన్న.

వెండి డబ్బాను స్పీకర్లకు కలిపిండ్రు. మరకు తోడల్లుడే కూసున్నడు. డప్పుల పాట క్యాసెట్ ఏసిండు. ముందు మెల్లగ బాగనే వచ్చింది. పిల్లలు ఎగురుతున్నరు. ఆయన మర పెంచుకుంట నా దిక్కు చూసి కన్నుకొట్టిండు. సగం దాటిండు. ఇంకా దాటిండు.

నేను స్పీకర్ పక్కన గోడకు ఆనుకొని నిలవడ్డ. నాకు పాట వినబడుతలేదు. ప్రతి డప్పు దెబ్బ కాడ ఒక చీలిక వినబడుతున్నది. నిండు లోడు లారీ ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గొంతు మారుతది చూడు, గట్ల. డబ్బాకు బలం అయిపోయింది. ఇయ్యలేని కాడ చప్పుడు తలకాయ నరికి పంపుతున్నది. ఆ నరికిన ముక్కలన్ని పోయేది పెట్టెల పైనున్న చిన్న స్పీకర్‌కు. అండ్ల తీగ వెంట్రుకంత సన్నగుంటది. అది కాలనీకి నిమిషం పడుతదో, రెండు పడుతదో.

సారు దిక్కు చూసిన. సారు నేల దిక్కు చూసిండ్రు.

ఇగ నేనేం ఆలోచన చెయ్యలే. నాలుగడుగులేసి గోడకున్న ప్లగ్గు పీకిన.

పిల్లలు ఎగిరినోళ్లు ఎగిరినట్టే నిలవడ్డరు.

“ఎవరింట్లో ఎవరు ప్లగ్గు పీకుతున్నారు?” అని తోడల్లుడు లేసిండు. “అన్నయ్యా, మీ దగ్గర పనిచేసేవాడేనా ఈయన? లేక మీరే ఈయన దగ్గర పనిచేస్తున్నారా?”

ఆ మాట సారుకు ఎక్కడ తగలాలెనో అక్కడ తగిలింది. సారు ప్లగ్గు మళ్ల పెట్టి, మర బాగ తగ్గించి, రెండు స్పీకర్లకు వంగి చెవి ఆనించి విన్నరు. రెండూ మోగుతున్నయి. చిన్నది కూడ, పెద్దది కూడ.

“ఏదయ్యా? ఏం కాలింది?” అన్నరు.

“కాలలే సార్. అందుకే పీకిన.”

“ఇక నువ్వెళ్లు.”

నల్ల డబ్బాను ఎత్తుకొని భోజనం చెయ్యకుండనే వచ్చిన. బస్సుల సంగారెడ్డి దాక అది నా ఒళ్లెనే ఉంది. మెకానిక్ ఏమైందని అడిగితే, “గెలిచింది, పనికి రాలే,” అని అప్పజెప్పిన.

నా మంట ఇప్పటికీ ఇదే. ఇంకొక్క నిమిషం చేతులు కట్టుకొని నిలవడితే స్పీకర్ కాలుతుండె, నా మాట నిజమైతుండె. ఆపినందుకు నేను అబద్ధాలోణ్ని అయిన. కాలినదాన్ని అందరికీ చూపెట్టొచ్చు. కాలకుండ ఆగినదాన్ని ఎవరికి చూపెట్టాలె?

ముచ్చట ప్లాంటు దాక వచ్చింది. క్యాంటీన్‌ల టీ గ్లాసు పట్టుకుంటే చాలు, “ఏమన్నా, ఇయ్యాల నీళ్లు కాగినయా?” అనుడు మొదలైంది. సారు పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలే. నేను కూడ తగ్గలే. సారు ఇంటి సందు దిక్కు పోవుడే బంద్ చేసిన.

రెండు నెల్లకు సారు భార్య కబురు పెట్టింది, మిక్సీ మోటరు కాలిందని. సారు మీద కోపం మిక్సీ మీద ఎందుకని పోయిన. సారు కుర్చీల పేపరు చదువుతున్నరు. తలకాయ ఎత్తలే. వెండి డబ్బా బల్ల మీద అట్లనే ఉంది. దాని మర పక్కన మాత్రం ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి అంటించి ఉంది.

“మీరు ప్లగ్గు పీకినప్పుడు మర ఎక్కడుందో చూశాను అన్నయ్య గారూ,” అన్నదామె. “దానికి బాగా కిందే పెట్టాను బొట్టు. మా మరిదిగారే రానివ్వండి, ఇది దాటనివ్వను. కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని.”

నా కోసమని పాట పెట్టింది. బొట్టు కాడ ఆపింది. గుండెల్ల దెబ్బ కొట్టవలసిన ఆ డోలు, పక్కింటి రేడియోల నుంచి వచ్చినట్టు వస్తున్నది. మనిషెత్తు గొంతున్నోణ్ని గుసగుసలాడమన్నట్టున్నది. చుట్టరికం నిలవడ్డది, స్పీకర్లు నిలవడ్డయి, పాట మాత్రం గిట్లయింది.

సారు పేపరు దించి, “ఎలా ఉందయ్యా?” అన్నరు. పని గాని మాట నాతోని మాట్లాడుడు ఆ ఆదివారం తర్వాత అదే మొదలు.

బాగుందనాలె. సారు భార్య కూడ నా నోటి దిక్కే చూస్తున్నది. ఎంత గుంజినా ఆ మాట రాలే.

“స్పీకర్లు పానంతోటి ఉన్నయి సార్,” అన్న.

“ఎవరి వల్ల ఉన్నాయో నాకు ఆ రోజే తెలుసులే,” అని సారు పేపరు మళ్ల ఎత్తుకున్నరు. నేను మిక్సీని సంకల పెట్టుకొని బయటకు వచ్చిన.