గొంతుకు సెలవు

బస్టాండులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. డిపో మేనేజరు దగ్గర్నుంచి టీకొట్టు వాడి దాకా అందరికీ అతను ‘మైకు’. అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఆలస్యమో, తప్పిపోయిన పిల్ల ఏ స్తంభం దగ్గర ఏడుస్తోందో చెప్పడం అతని ఉద్యోగం. ఇంటికొస్తే అక్కడా అదే పని. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేయాలన్నా, బావమరిదికి అత్తవారితో మాటపట్టింపు వచ్చినా, మేడమీద వాళ్లు నీళ్లు వదలకపోయినా “నువ్వయితే సర్దిచెప్తావు” అని అతన్నే ముందుకు తోసేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. అతని నోరు మంచిది కాబట్టే ఊరి గొడవలన్నీ వచ్చి అతని మెడకు చుట్టుకున్నాయి.

వానలు మొదలవుతాయనగా గొంతు బొంగురుపోయింది. మందులు మింగినా దారికి రాలేదు. డాక్టరు లైటు వేసి చూసి, “అరచేతికి కాసినట్టు లోపల కాయలు కాశాయి. రెండు వారాలు నోరు తెరవకండి. గుసగుసలు కూడా వద్దు, అవి మరీ చెడ్డవి” అన్నాడు.

భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మిషను ఆపకుండానే తీర్పు చెప్పేసింది.

“ఇంట్లో ఉంటే మీ మూగనోము సాగదు. గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి ఏదో ఒకటి అడుగుతారు, మీరు ఆగలేరు. సముద్రంలో ఏదో దీవికి పడవలున్నాయంటారుగా, పోయిరండి. పెళ్లివాళ్ల బట్టలు నెత్తిమీదున్నాయి, నేను రాలేను.”

అతను ఏదో అనబోయాడు. ఆమె కత్తెర ఎత్తి చూపించింది. అతను నోరు మూసుకున్నాడు.

పడవ దిగేసరికి బాగా అలిసిపోయాడు. రేవుకు దగ్గర్లో నీలం గోడల ఇల్లొకటి కనబడింది. ఒంటరిగా ఉండే పెద్దావిడ నాలుగు గదులు అద్దెకిస్తుంది. డాక్టరు మాట్లాడొద్దన్నాడని రాసిపెట్టుకున్న చీటీ అందించాడు. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది, కళ్లద్దాలు దొరక్క తిరిగిచ్చేసింది.

“మాట రాదా తమ్ముడూ? పుట్టుకతోనే ఇంతేనా?”

తలాడించాడో, తలే వాలిపోయిందో అతనికే తెలియదు. “అయ్యో” అంటూ ఆవిడ గది తాళం తీసింది. కాదని చెప్పడానికి ఓపిక కావాలి. అది ఇంటి దగ్గరే అయిపోయింది.

మొదట్లో నిద్రే నిద్ర. ఫ్యాను చప్పుడులో కూడా ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని వినబడి ఉలిక్కిపడి లేచేవాడు. తర్వాత మెల్లగా తిరగడం మొదలుపెట్టాడు. దీవికి ఒకపక్క నల్లరాళ్లు, ఇంకోపక్క మడచెట్లు. బురదలో ఒక పంజా మాత్రమే పెద్దగా ఉండే పీతలు దాన్ని ఊపుకుంటూ బొరియల్లోకి పోయేవి. గుట్టమీద దీపస్తంభానికి ఆయాసపడుతూ ఎక్కితే తలుపుకు తుప్పుపట్టిన తాళం. గట్టుమీద కూలబడి సముద్రాన్ని చూశాడు. చూడవలసినవన్నీ చూస్తున్నాడు గానీ, సంతోషం మాత్రం దారిలో చెడిపోయిన బస్సులా ఎంతకీ రాలేదు.

సాయంత్రాలు పెద్దావిడ వరండాలో అతని పక్కన కుర్చీ వేసుకునేది. ఆవిడకో చెల్లెలు ఉంది. అవతలి ఒడ్డున పట్నంలో ఉంటుంది. ఆ చెల్లెలి కూతురి పెళ్లిలో ఈవిడ నలుగురిలో ఒక మాట తూలింది. అప్పట్నుంచి రాకపోకలు లేవు.

“తల్లికి లేని బుద్ధి పిల్లకెక్కడిది అనేశాను. తప్పు నాదే తమ్ముడూ. ఎవరితో చెప్పుకోను? ఇక్కడ ఒక చెవిన పడిందంటే పొద్దుగూకేలోగా అందరి నోళ్లలో నానుతుంది. నీకు చెప్తే గోడకు చెప్పినట్టే, ఏ బెంగా లేదు.”

అతనికి ముళ్లమీద కూర్చున్నట్టుండేది. నిజం కాగితం మీద రాసి, కళ్లద్దాలు వెతికిచ్చి మరీ చదివించాలనుకునేవాడు. పొద్దున చూద్దాంలే అని పడుకునేవాడు. అలా ఆలస్యం చేసేకొద్దీ ఆవిడ ఇంకో గుట్టు విప్పేసేది.

ఒక మధ్యాహ్నం కుండపోత మొదలైంది. ఆరేసిన దుప్పట్ల కోసం ఆవిడ పరుగెత్తింది. వెనకవైపు నాచుపట్టిన మెట్ల దగ్గర దబ్బున చప్పుడైంది. అతను వెళ్లేసరికి ఆవిడ కింద పడి ఉంది, కాలు తిరగరాని వైపుకు తిరిగింది. అతను చప్పట్లు కొట్టాడు, బకెట్టు తీసి గోడకేసి మోదాడు. రేకుల మీద వాన హోరులో అదేమూలకు?

నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఎవరైనా రండి! అక్క పడిపోయింది! నీలం ఇంటి వెనక, మెట్ల దగ్గర!”

అలవాటు కొద్దీ అదే మాట మళ్లీ చెప్పాడు. రేవులో వలలు సర్దుకుంటున్న జాలర్లు పరుగున వచ్చారు. అంత నొప్పిలోనూ ఆవిడ అతన్నే గుడ్లప్పగించి చూస్తోంది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక అడిగింది. “నీకు నోరుందా?”

“ఉందక్కా. డాక్టరు వాడొద్దన్నాడు.” గొంతులో గాజుపెంకులు గుచ్చుకుంటున్నట్టుంది.

ఆవిడ గోడవైపు మొహం తిప్పేసుకుంది. అతను స్టూలు మీద తప్పు చేసినవాడిలా కూర్చున్నాడు. గోడవైపు నుంచే మాట వచ్చింది.

“నేను చెప్పినవన్నీ ఎవరికైనా చెప్తావా?”

“బస్సుల సంగతి తప్ప నేనెవరికీ ఏమీ చెప్పనక్కా.”

ఆవిడకు నవ్వొచ్చింది. కాలు కదిలి “అమ్మా” అంది. “అయితే ఒక్క పని చేసిపెట్టు. మా చెల్లికి ఫోన్ చెయ్యి. నాకు నోరు రాదు” అంది.

అతను నీరసంగా కళ్లు మూసుకున్నాడు. సముద్రం దాటొచ్చినా ఈ పని ఈదుకుంటూ వెనకే వచ్చేసింది. అయినా ఆవిడ చెప్పిన నంబరు నొక్కాడు.

“మీ అక్క కాలు విరిగిందమ్మా. అప్పుడన్న మాట తప్పేనంటోంది. మిమ్మల్ని రమ్మంటోంది.”

“రమ్మని నేనన్నానా?” మంచం మీంచి పెద్దావిడ కసిరింది.

అవతల ముక్కు చీదిన చప్పుడు. “పడవ ఎన్నింటికి?”

అది అతనికి తెలిసిన ప్రశ్న. మొదటి పడవ ఎప్పుడో, ఏ రేవులో ఎక్కాలో వివరంగా చెప్పాడు.

మర్నాడు ఆవిడను ఇంటికి తెచ్చేసరికి చెల్లెలు సంచితో దిగింది. గుమ్మంలోనే “వయసొచ్చింది, బుద్ధి రాలేదు! తడిమెట్ల మీద పరుగులేంటి?” అని మొదలుపెట్టింది. అక్క తగ్గలేదు. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తుంటే అతను బ్యాగు తీసుకుని రేవుకు నడిచాడు.

తిరిగొచ్చాక డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఆపరేషను తప్పలేదు. మాట వచ్చింది గానీ పైస్థాయిలో చీలిపోతోంది. మైకు దగ్గర కొత్తగా వచ్చిన అమ్మాయిని కూర్చోబెట్టి అతన్ని సామాన్ల గదికి మార్చారు. అక్కడ పెద్దగా మాట్లాడే పనిలేదు. పెట్టెలు ఎత్తడమే.

“ఇంతకీ దీవి బాగుందా?” ఒకరోజు భార్య అడిగింది.

“సగమే చూశాను. ఈసారి నువ్వూ రా. నువ్వు మాట్లాడుదువుగాని.”

ఆమె ఏదో అంది. మిషను చప్పుడులో వినబడలేదు. మళ్లీ అడిగే ఓపిక లేక అతను గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.