ఎద్దులు మళ్ళిన చోటు

నా చిన్నప్పుడు నాకు బడి మా ఇంటి అరుగే, పంతులు మా తాతే. ఏ మాట దొరికినా దాని పుట్టుక చెప్పందే ఆయనకు తోచేది కాదు. మట్మారి అనే ఊరి దగ్గర మాకు నల్లరేగడి చేను ఉండేది. చలికాలం నడిమికి అందులో తెల్లజొన్న మనిషికి మించి పెరిగేది.

ఒక మధ్యాహ్నం తాత గట్టు మీద పిట్టలు తోలుతుంటే, వెతుక్కుంటాడులే అని నేను చేనులోకి దూరి దాక్కున్నాను. ఆయన చూసుకోనేలేదు. విసుగొచ్చి లేచేసరికి ఏ పక్కన చూసినా ఒకటే జొన్న దంట్లు. సాళ్ళకు అడ్డంపడి పరుగెత్తాను. ఆకుల అంచులు చేతులు కోశాయి. వెనక ఏదో చిటపటమంది. ఆ చేలో అడవిపందులు తిరుగుతాయని నాకు తెలుసు. దేవుణ్ణి పిలుద్దామంటే పేరే గుర్తు రాలేదు. "తాతా!" అని మాత్రం అరిచాను.

తాత గొంతు ఒకసారి కుడిపక్క, ఒకసారి ఎడమపక్క వినబడింది. గాలి దాన్ని చేనంతా చల్లేసింది.

"ఉరకకు బిడ్డా! నా గొంతు ఎంట రాకు. కాళ్ళ కింద సాలు చూడు. ఒక్క సాలే పట్టుకొని నడువు, దాటకు!"

తెలిసిన గొంతును వదిలి నడవడం ఎంత భయమో చెప్పలేను. ఆ సాలు నన్ను ఇంకా లోపలికే తీసుకుపోతోందనిపించింది. ఏడుస్తూనే నడిచాను. ఉన్నట్టుండి ఎదురుగా ఎండ, పక్కవాళ్ళ శనగచేను.

తాత చేను చుట్టూ ఉరికి వచ్చాడు. "ఏందమ్మా, పందులింటికి సుట్టమై పోయినవా? బువ్వ పెట్టిన్రా?" అన్నాడు. నవ్వుతూనే నా చేతుల మీది కోతలను పంచె అంచుతో తుడిచాడు.

కాసేపయ్యాక ఆ అంచున మన్ను చూపించాడు. "ఇత్తేటప్పుడు ఎద్దులు ఈడనే మళ్ళినయి. మనం మళ్ళీ అంటం సూడు, ఆ మాట ఈ మళ్ళుడు నుంచే పుట్టింది. పాతకాలపోళ్ళు మరలి అన్నరు. కన్నడపోళ్ళు ఇప్పటికీ మరళి అంటరు. ఏ సాలైనా ఎద్దులు మళ్ళేకాడికి పోవాల్సిందే బిడ్డా. గందుకే ఒక్కటి పట్టుకుంటే ఒడ్డుకు తెస్తది."

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పోయిన ఏడాది ఆసుపత్రిలో మా ఆయన్ని ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు. ఈ గదికీ ఆ గదికీ పరుగెత్తబోయి, ఆగి, దేవుడి నామం ఒక్కటే పట్టుకుని కూర్చున్నాను. తలుపు తెరిచి, ఆయన బాగున్నాడని చెప్పేదాకా భయం ఏమీ తగ్గలేదు. అయినా కదలకుండా కూర్చోగలిగాను. అందుకే పొద్దున దీపం పెట్టాక, ఆనాడు చేను చుట్టూ ఉరికిన ఆ ముసలి కాళ్ళను తలుచుకుని ఒక దండం పెడతాను.