చేపపిల్లల బండిలో బాప్తిస్మం

గత వారం గణపవరం రోడ్డులో ఆటో కోసం నిలబడి ఉంటే, చేపపిల్లల బండి ఒకటి గోతిలో పడి లేచి, వెనకున్న నీళ్ళు నా మీద కుమ్మరించి వెళ్ళింది. వ్యాను వెనకభాగంలో టార్పాలిన్ పరిచి, నీళ్ళు నింపి, చేపపిల్లల్ని చెరువులకు చేరవేసే బండి అది. డ్రైవరు తల బయటపెట్టి "సారీ అండీ, చూసుకోలేదండీ" అన్నాడు. ఉతికి గంజిపెట్టిన చీర. కోప్పడవలసినదాన్ని, పగలబడి నవ్వాను. పక్కనున్నావిడ నాకు మతి చలించిందనుకుని రెండడుగులు దూరం జరిగింది. సరిగ్గా అలాంటి బండి వల్లే ఒకప్పుడు నా ఉద్యోగం పోయిందని ఆవిడకేం తెలుసు.

పదహారేళ్ళ కిందటి మాట. నాకప్పుడు ఇరవై నాలుగు. తాడేపల్లిగూడెంలో బైబిలు శిక్షణ ముగించి, మా సంఘం వారు జీతమిచ్చి సువార్త పనికి పంపగా కైకలూరులో దిగాను. ఐసు ఫ్యాక్టరీ పక్కనే గది. ఐసు దిమ్మలు నలిగే చప్పుడుకు లేచి ప్రార్థన చేసుకునేదాన్ని. ఆ రొదలో నా మాట నాకే వినపడేది కాదు, దేవుడికి వినపడితే చాలుననుకునేదాన్ని. ఆపైన బస్సు, ఆటో, అదీ లేనిచోట చెరువుగట్ల మీద నడక. సంచిలో బైబిలు, పాటల పుస్తకం, కుక్కల కోసం బిస్కట్లు. సువార్త వినే ఇళ్ళకన్నా నా పెళ్ళి గురించి అడిగే ఇళ్ళు ఎక్కువ. వినం పొమ్మన్నవాళ్ళు కూడా "ఎండనపడి వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళండమ్మా" అనేవారు. అంత మర్యాదగా తలుపు వేయటం ఆ ప్రాంతం వాళ్ళ దగ్గరే చూడాలి.

కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్ళో మామ్మ ఉండేది. నాకేమీ చుట్టం కాదు. ఊరంతా అలా పిలిస్తే నేనూ పిలిచాను. వయసులో ఉండగా నెత్తిన బుట్ట పెట్టుకుని చేపలమ్మిన మనిషి. ఆవిడ అరుగు మీదే మా ఆదివారం ఆరాధన. ఏడాది పాటు విని, ఇక బాప్తిస్మం తీసుకుంటానంది. అంతలో కడుపులో గడ్డ అన్నారు డాక్టర్లు; సోమవారం ఏలూరులో ఆపరేషను. బతుకుతానో లేదో, ముందు మునగాలి అని పట్టుపట్టింది. మా సంఘంలో బాప్తిస్మమంటే ఒళ్ళంతా నీళ్ళలో మునగాలి. అందుకు నీళ్ళేవి? కొల్లేటి దగ్గర ఉంటూ ఈ మాటంటే నవ్వుతారు గానీ, అది మే నెల. కాలువలు కట్టేశారు, కొల్లేరు ఎండి నెర్రెలు తీసింది, మురుగు డ్రెయిన్లో మనిషి దిగలేడు. ఉన్న నీళ్ళన్నీ చెరువుల్లో, చెరువులన్నీ ఎవరో ఒకరివి.

ఊరి చివరి రొయ్యల చెరువు రైతు దగ్గరికి వెళ్ళాను. గట్టెక్కే ముందే నా కాళ్ళు మందునీళ్ళలో ముంచమన్నారు. "మీ దేవుడి మీద నాకేం కోపం లేదండీ. నేనూ పూజలు చేసుకునేవాణ్ణే. మనిషి దిగితే రొయ్యకి జబ్బొస్తదేమోనని భయమండీ" అన్నారు. "ఏవండీ, చెరువులో దిగకుండా నీళ్ళు తోడిస్తే పనికొస్తాయా?" అని ఆయనే అడిగారు. మామ్మ మేనల్లుడు చేపపిల్లల బండి తోలేవాడు. శుభ్రంగా కడిగి తెచ్చి గట్టు కింద నిలబెట్టాడు. రైతు ఇంజను పెట్టించి నీళ్ళు నింపించారు.

బాప్తిస్మం ఇవ్వవలసినవారు ఏలూరులోని మా సంఘం పాస్టరు, పెద్దయ్యగారు. ఫోను చేశాను. "చేపల బండిలో బాప్తిస్మమేంటమ్మా, నలుగురూ నవ్వుతారు. ఇక్కడ మన ప్రార్థన గుడిలో బాప్తిస్మం తొట్టి ఉందిగా, తీసుకురా" అన్నారు. మామ్మకు చెబితే అంతెత్తున లేచింది. "దొంగతనం చేస్తన్నానా సిస్టరుగారూ, ఏలూరెళ్ళి చాటుగా మునగటానికి? నన్నెరిగిన ఊళ్ళో, అందరూ చూస్తుండగా మునుగుతాను." ఆ మాట నాకు నచ్చింది. మళ్ళీ ఫోను చేసి, మీరే రండి అయ్యగారూ అని బతిమాలాను. "రాను. ఆడపిల్లవి, నువ్వు ఇవ్వకూడదని నీకు తెలుసు. ఇచ్చావా, నీ పని అయిపోయినట్టే" అని పెట్టేశారు. అబద్ధమెందుకు, భయం వేసింది. ఆ భయం వెనకే ఒళ్ళు మండే కోపం వచ్చింది. కొంగు బిగించి బండెక్కాను.

మామ్మ నాకు రెండింతలు. వెనక్కి వాల్చగానే టార్పాలిన్ మీద కాలు జారి, ఆవిడతో పాటు నేనూ మునిగాను. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయి, తుమ్ముతూ లేచి బాప్తిస్మపు మాటల్లో మిగిలినవి పూర్తి చేశాను. ఊరు ఊరంతా నవ్వింది. జుట్టు పిండుకుంటూ అందరికంటే గట్టిగా మామ్మే నవ్వింది.

ఆపరేషను బాగానే జరిగింది. నా సంగతే బాగాలేదు. రెండు నెలల తరవాత ఏలూరులో సంఘపెద్దల ముందు నిలబెట్టారు. 'తెలియక చేశాను, క్షమించండి' అని టైపు చేసిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. "తెలియక అన్నది కొట్టేయండి. తెలిసే చేశాను" అన్నాను. అది కొట్టేస్తే ఇక క్షమాపణ ఏముంటుందన్నారు. "ఉండక్కర్లేదండీ" అన్నాను. నాకు తోడుగా వచ్చిన మామ్మ వైపు తిరిగి, గుడి తొట్టిలో మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటే విషయం సర్దుబాటు చేస్తామన్నారు పెద్దయ్యగారు. ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. "ఒక్కసారే పుట్టానండీ, ఒక్కసారే మునిగానండీ. మీకు నచ్చలేదని మళ్ళీ పుట్టమంటారా?" అంది.

నా పని పోయింది. ఆ వారమే గది ఖాళీ చేశాను. ఇప్పుడు ఏ సంఘం జీతమూ లేకుండా, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ, ఆ ఊళ్ళే తిరుగుతున్నాను. మామ్మ ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికింది. ఆవిణ్ణి మట్టి చేసిననాడు వాక్యం చదివింది నేనే. ఎవరి అనుమతీ అడగలేదు. ఆనాడు నా తెగింపు చూసి, పడుచు రక్తం, వయసొస్తే అదే పోతుందిలే అని పెద్దలు ఒకరితో ఒకరు చెప్పుకున్నారట. మొన్ననే నలభై నిండాయి. వయసైతే వచ్చింది గానీ, అది మాత్రం ఇంకా పోలేదు.