కడుపులో చింతపండు

నా చిన్నప్పుడు నేను గీసిన బొమ్మను, అది తెలుగే కాదని, గోడ మీంచి పీకి నా చేతిలో పెట్టారు. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిది వందల యాభైల్లో మద్రాసు చూలైలో మన తెలుగువాళ్ళకి చిన్న పఠనాలయం ఉండేది. నేను బళ్ళో చదివింది తక్కువ. వచ్చిన నాలుగు అక్షరాలూ ఆ బల్లల దగ్గర నేర్చుకున్నవే. ఆదివారాల్లో అక్కడ పిల్లలకు బొమ్మల పోటీ. రోజూ వాడే నుడికారం ఒకటి తీసుకుని బొమ్మగా గీసి గోడకు అంటించాలి, అదేమిటో మిగతావాళ్ళు చెప్పాలి. ఒకడు చెవిలో పువ్వు గీస్తాడు, ఇంకొకడు గుండెకాయలో రైళ్ళు. పెరంబూరు రైల్వే కార్ఖానా కూత వింటూ పెరిగిన పిల్లలం, రైళ్ళు మాత్రం భలే గీసేవాళ్ళం.

నేను పెద్ద బొజ్జ గీసి, దాంట్లో ఒక చెయ్యి చింతపండు పిసుకుతున్నట్టు వేశాను. భయమేస్తే మా అవ్వ అనే మాట అది. పోటీ నడిపే మాస్టారు గోదావరి వైపు నుంచి కొత్తగా వచ్చినాయన. నా నోటితోనే జవాబు చెప్పించుకుని, "భయమంటే గుండెల్లో రైళ్ళు పరిగెత్తడంరా. నీది అరవ మాట, తెలుగులో లేదు" అన్నారు. పిల్లలంతా నవ్వారు. మరి తాతముత్తాతల నుంచి మా ఇంట్లో మాట్లాడింది ఏ భాష? ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఇక ఆ గడప తొక్కనని ఇంటికొచ్చేశాను.

పక్కింటి అక్క ఆ బొమ్మ చూసి నన్ను ఓదార్చలేదు. మైదాపిండి ఉడికించి, నన్ను వెంటబెట్టుకుని పోయి, పఠనాలయం వీధి తలుపుకే దాన్ని అంటించింది. "లోపల చోటు లేకుంటే ఈడ ఉండనీ. దారిన పోయేవాళ్ళు చెప్తార్లే."

చెప్పారు. పాలామె చెప్పింది, గాజులాయన చెప్పాడు. "ఏందబ్బా, ఎవరికి కడుపులో చింతపండు కలుపుతుండాది?" అని కూరల బండాయన లోపలికే కేకేశాడు. మాస్టారు అన్నీ విన్నారు. బొమ్మ మాత్రం పీకలేదు. నేను ప్రతి ఆదివారం పోయి "సార్, నాది తెలుగేనా?" అని అడిగేవాణ్ణి. ఆయన పేపరు తిప్పేవారు. ఆ జవాబు కోసం కాచుకుని కూర్చున్నంతసేపూ చేతికందినదల్లా చదివాను. నా చదువంతా అదే. తరిమేసిన చోట అలిగి ఇంటికి పోకుండా, గుమ్మం దగ్గరే నిలబడి నా మాట నేను అనడం ఆ అక్క దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నా పద్ధతి.

వానలు పట్టాక మాస్టారి భార్య కాన్పుకు ఆసుపత్రిలో చేరింది. ఆయనకు ఈ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. అక్క కాఫీ కాచి, చెంబు నా చేతికిచ్చి నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. తర్వాత ఆడపిల్ల క్షేమంగా పుట్టింది గానీ, నేను చెప్పేది అంతకు ముందు సంగతి. ఆయన వరండాలో బెంచీ మీద చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. "ఎట్లుండాది సార్?" అని అడిగింది అక్క. ఆయన ఆమె వంక కాదు, నా వంక చూశారు.

"కడుపులో చింతపండు కలుపుతుండాదిరా."