ఈ నెల పొరపాటు నాది

పోయిన గురువారం మాస్టారు పోయారు. కైకలూరులో నా చేపల మేతల కొట్టు తాళం తీస్తుంటే ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా సైకిలు దిగకుండానే చెప్పాడు, "మాస్టారు ఇక లేరండీ" అని. "అదేంటండీ, పొద్దున్నే నాకు రింగు ఇచ్చారు కదా" అన్నాను. ఆ మాట ఎలా అనగలిగానో నాకే తెలియదు.

ఈ కాగితం ప్రతి నెలా ఆయన రాసేవారు, మనం చందా కట్టి తెప్పించుకునేవాళ్లం. కొత్తగా చేరినవారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక మాస్టారు ఒక కంప్యూటరు కొన్నారు. దానితోనూ, సెల్‌ఫోనుతోనూ, ఒక రూళ్ల నోటుబుక్కుతోనూ తన రోజు పనులు ఎలా సర్దుకుంటున్నారో రాసి, జిరాక్సు తీయించి పంచేవారు. నెలకొక ఆదివారం చర్చి అయ్యాక వాళ్ల వరండాలో అవే చేసి చూపించేవారు. చందా ఎందుకని ఎవరైనా అడిగితే, "ఊరికే చెబితే తలూపి వెళ్లిపోతారండీ. కట్టినవాళ్లు ఇంటికెళ్లి చేసి చూస్తారు" అనేవారు.

కాగితం చివర 'ఈ నెల పొరపాటు' అని ఒక పేరా ఉండేది. అందులో తన తప్పు ఒకటి దాచకుండా రాసేవారు. కంప్యూటరులో 'ముఖ్యమైనవి' అని ఒక ఫోల్డరు, అది నిండాక 'చాలా ముఖ్యమైనవి' అని ఇంకొకటి పెట్టి, పెన్షను అర్జీ ఎందులో ఉందో దొరక్క ఆయన భార్య, మనందరి అమ్మగారి చేత చివాట్లు తిన్న సంగతి కూడా రాశారు. "ఈయన తప్పులు చదవడానికి మనం చందా కట్టాలాండీ" అని టైలరు సాయిబుగారు నవ్వేవారు. ఆదివారం అందరికన్నా ముందొచ్చి కూర్చునేదీ ఆయనే.

మావారు పోయాక కొట్టు నా మీద పడింది. ఫోనులో ఒకే పేరున్న రైతుల మధ్య తికమకపడి మండవల్లి పంపాల్సిన తవుడు లారీని కలిదిండి పంపాను. అదీ ఒకసారి కాదు. చెరువుల రైతులు నా మొహం మీదే విసుక్కుంటుంటే, కొట్టు అమ్మేస్తానని మాస్టారి దగ్గర ఏడ్చాను. ఆయన నా ఫోను తీసుకుని చూసి, "పేరుకి ముందు ఊరు పెట్టమ్మా" అన్నారు. ఆ సాయంత్రమంతా కూర్చుని నంబర్లన్నీ మార్చాం. ఒక్కో ఊరివాళ్లంతా ఒకచోటికి చేరారు, లారీ దారి తప్పడం మానింది. వినడానికి ఇంతే. నా కొట్టు నిలబడింది మాత్రం దానితోనే. ఆయన నంబరుకి ఒక్కదానికే ఊరు పెట్టలేదు. ఉత్త 'మాస్టారు' అని ఉంచాను.

ఇక రింగు సంగతి. మాస్టారి నియమం ప్రకారం, ఆ రోజు చేయాల్సిన పనులు మూడు రోజూ పొద్దున్నే నోటుబుక్కులో రాసుకోవాలి. చేయలేకపోయిన పనిని మర్నాటి పేజీలో మళ్లీ మన చేత్తోనే రాయాలి. ఆరున్నరకి మాస్టారు మాలో కొందరికి ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేవారు. మేం రాయడం అయ్యాక తిరిగి ఒక్క రింగు ఇవ్వాలి. ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే పొద్దుటి పూటంతా కబుర్లలో పోతుందని ఆయన భయం. మొదట్లో నేనొకసారి ఎత్తాను. "ఎత్తొద్దని చెప్పాను కదమ్మా" అని పెట్టేశారు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

గురువారం ఆరున్నరకి ఫోను మోగింది. ఒక్క రింగుతో ఆగలేదు, మోగుతూనే ఉంది. కట్ నొక్కడం మరిచిపోయారు, వచ్చే నెల కాగితంలో ఇదే రాస్తారు అనుకుని నవ్వుకున్నాను. నవ్వుకున్నాను. అది ఆగాక మూడు పనులూ రాసి, బుద్ధిగా తిరిగి ఒక్క రింగు ఇచ్చాను.

అమ్మగారు అప్పుడు పాల కోసం వీధి చివరికి వెళ్లారట. వచ్చేసరికి ఆయన వరండా కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. గుండెపోటు. చేతిలో ఫోను అలాగే ఉంది. ఆయన ఆఖరున చేసింది నాకే. తర్వాత వచ్చిన మిస్డ్ కాల్ కూడా నాదే. మా ఇల్లు వాళ్లింటికి రెండు వీధుల అవతల. పరుగెత్తితే నాలుగు నిమిషాలు పట్టదు.

"నేను ఎత్తలేదండీ" అని అమ్మగారి కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "ఆయన చెప్పిందే చేశావు కదమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది.

కంప్యూటరులో ఈ నెల కాగితం సగం రాసి ఉంది. 'ఈ నెల పొరపాటు' అన్న దగ్గర ఆగిపోయింది. కింద ఖాళీ. అమ్మగారు నన్ను పూర్తి చేయమన్నారు. అందుకే ఇదంతా రాశాను. ఎక్కువసేపు మోగే ఫోను ఎత్తండి. ఎవరు ఎత్తొద్దన్నా ఎత్తండి.

గురువారం నేను రాసుకున్న మూడో పని, సాయంత్రం మాస్టారింట్లో కొర్రమీను ఇచ్చి రావడం. ఆయన నియమం ప్రకారం దాన్ని రోజూ కొత్త పేజీలోకి ఎక్కిస్తూనే ఉన్నాను. ఇవాళ ఆదివారం. ఆరున్నరకి మళ్లీ ఎక్కించి, ఏం చేయాలో తోచక ఆ నంబరుకి ఒక్క రింగు ఇచ్చాను. కాసేపటికి నా ఫోను మోగింది. తెర మీద 'మాస్టారు' అని వెలిగింది. ఎత్తాను. అవతల అమ్మగారు. అప్పుడే చర్చి గంట మొదలైంది. ఒక చెవికి ఫోనులోంచి, ఇంకో చెవికి మా కిటికీలోంచి, అదే గంట వినిపించింది.