బాత్రూము తలుపు అటు పెట్టిందెవరు

మేము ఆరుగురం ఆడవాళ్లం, అందరం పాలమూరు వైపు వాళ్లమే. హైదరాబాదు అవతల గుట్టల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ చదివాం. ఏడాదికోసారి కలుస్తాం. ఈసారి బీచుపల్లి దగ్గర హైవే పక్కనున్న ఒక హోటల్లో కలిశాం. ఇద్దరు హైదరాబాదు నుంచి, ఒకామె కర్నూలు నుంచి, ఒకామె పెబ్బేరు నుంచి, ఒకామె గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి నేను.

కలిసినప్పుడల్లా ముచ్చట ఒకటే, ఆ కాలేజీ నుంచి ఎట్లా బతికి బయటపడ్డామా అని. పొద్దున ఆరింటికే స్టడీ అవర్. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆ రోజు హాజరు లేనట్టే. వారం వారం పరీక్ష, మార్కులు గోడ మీద. పెబ్బేరు ఆమె జడలో పెన్సిలు గుచ్చుకుని నిద్రపోయి, అట్లాగే పరీక్షకు వెళ్లి, పెన్సిలు లేదని పక్కామెను అడిగి తిట్లు తిన్నది. డ్రాయింగ్ సారైతే ఒక్క గీత లావుగా పడితే చాలు, ఎర్ర పెన్సిలుతో షీటును ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేసేవాడు. అప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నవన్నీ ఇప్పుడు పడిపడి నవ్వుకునే కథలు.

అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. దానికో కారణం ఉంది. ఆ కథల్లో ఒకటి నాకు పడదు. అది రాబోతున్నదని తెలియగానే గొంతు పెంచి ఇంకో కథ ఎత్తుకుంటాను. ఇన్నేళ్లుగా అట్లాగే నెట్టుకొచ్చాను. ఇంజనీరు ఉద్యోగంలో కాంట్రాక్టర్లను గద్దించి గద్దించి నాకు గొంతు బాగానే పెరిగింది, ఆ పనికి కూడా పనికొచ్చింది.

ఈసారి ఆ ఉపాయం పారలేదు. గద్వాల ఆమె తన కూతుర్ని వెంట తీసుకొచ్చింది. పిల్లకు ఇంటర్ అయిపోయింది, ర్యాంకు వచ్చింది, కౌన్సెలింగ్ ఇంకో పది రోజుల్లో ఉంది. సివిలే తీసుకుంటానని పట్టుబట్టి కూర్చుంది.

"గిప్పుడు సివిల్ ఎవరు తీస్కుంటరే? కంప్యూటర్స్ తీస్కోరాదు" అన్నది హైదరాబాదు వాళ్లలో ఒకామె.

"మా అమ్మ సివిలే కద పెద్దమ్మా. మా గల్లీల మేస్త్రీలందరు అమ్మతోనే ప్లాన్లు గీపిచ్చుకుంటరు. అమ్మ లెక్కనే చదువుత" అన్నది పిల్ల. గద్వాల ఆమె ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. సాయంత్రాలు ఇంటి ప్లాన్లు గీసిస్తుంది.

"మీ అమ్మనా! మీ అమ్మను హాస్టల్ల ఏమని పిలుస్తుంటిమో తెల్సా? ట్రేసింగు!" అన్నది ఆ హైదరాబాదు ఆమే.

నేను వెంటనే కర్నూలు ఆమె ఉప్మా కథ ఎత్తుకున్నాను. ఎవరూ వినలేదు. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని "ఎందుకు?" అన్నది. ఇంకేముంది, హైదరాబాదు ఆమె మొదలుపెట్టింది. మూడో ఏడాదిలో ఒక షీటు కింద గాజు పెట్టి, దాని కింద లైటు పెట్టి, మీద ఇంకో షీటు పరిచి గీతకు గీత దించేయడం, సారు పట్టుకోవడం, షీటు క్లాసు ముందర చింపేయడం, ఆ సబ్జెక్టు పోవడం, క్రెడిట్లు చాలక ఏడాది డిటెయినై జూనియర్లతో కూర్చోవడం. చేతులు తిప్పుకుంటూ, సారు గొంతు అనుకరిస్తూ చెప్పింది. అందరూ నవ్వారు. గద్వాల ఆమె కూడా నవ్వింది. ఆమె ఎప్పుడూ నవ్వుతుంది.

పిల్ల మాత్రం నవ్వలేదు. "నువ్వు కాపీ కొట్టినవా అమ్మా?"

"ఎప్పటి ముచ్చటనో. అన్నం తిను."

"నాలుగో తరగతిల పక్కపిల్లది చూసి హోంవర్క్ రాసిన్నని నాతోని రెండు దినాలు మాట్లాడలే నువ్వు."

ఆమె పప్పు గిన్నె దగ్గరికి లాక్కుని, అక్కర లేకపోయినా ఇంకో గంటె వడ్డించుకుంది. పిల్ల తల్లి ముఖాన్నే చూస్తోంది. ఆ చూపు నేను చూడకుండా ఉంటే బాగుండేది. తల్లి మీద పెట్టుకున్న నమ్మకం ఒకటి ఆ పిల్ల ముఖంలోంచి తగ్గిపోతుంటే, దానికి కారణమైన నేను ఎదుటి కుర్చీలో కూర్చుని పెరుగు కలుపుకుంటున్నాను.

ఎందుకంటే ఆ షీటు గీసింది ఆమె. దించింది నేను.

ఆ ఆదివారం నేను సినిమాకు పోయాను. సోమవారం పొద్దున్నే ఇంటి ప్లాను షీటు ఇవ్వాలి. సాయంత్రం హాస్టలుకు వచ్చి చూస్తే నా షీటు మీద బార్డరు తప్ప ఏమీ లేదు. ఆమెది మాత్రం అయిపోయి మంచం మీద ఉంది. అడిగితే మారు మాట లేకుండా ఇచ్చింది. ఫోటో ఫ్రేములోంచి గాజు ఊడదీసి, రెండు బకెట్లు బోర్లించి వాటి మీద పెట్టి, కింద టేబుల్ లైటు వెలిగించాను. కాగితం జరగకుండా ఒక మూల ఆమే పట్టుకుంది. మధ్యలో చెయ్యి నొప్పి పుడితే ఇంకో చెయ్యి మార్చుకుంది.

సారు ఇచ్చిన చిన్న బొమ్మలో బాత్రూము పడకగదికి ఆనుకుని, దాని తలుపు పడకగదిలోకే ఉంది. ఆమె షీటులో ఆ తలుపు పెరటి వైపు ఉంది. నేను చూసుకోలేదు, గీత కనపడింది, గీశాను. ఆమె అటు ఎందుకు పెట్టిందో తర్వాత చెప్పింది. సారు ఇచ్చిన దాంట్లో ప్రింటు తప్పు పడిందనుకుందట. పండుకునే గదిలోంచి బాత్రూముకు తలుపు పెడతారని ఆమె కలలో కూడా అనుకోలేదు. పాన్‌గల్ దగ్గర ఊళ్లో వాళ్లది ఒకటే గది. అమ్మానాన్నలు ఏడాదిలో ఎక్కువ కాలం ఎక్కడో ఒక డ్యాము దగ్గర మట్టి పనిలో ఉండేవాళ్లు. ఆమె హాస్టళ్లలోనే పెరిగింది. వనపర్తిలో మా నాన్న కట్టించిన ఇంట్లో నా గదికి వేరే బాత్రూము ఉండేది. ఆ తలుపు అటు పెట్టడం నాకు చేతకాని తప్పు. బుర్ర పెట్టి చూసిన ఎవరికైనా ఏది ఎవరిదో తెలిసిపోయేది.

సారు బుర్ర పెట్టలేదు. మా ఇద్దర్నీ బల్ల దగ్గరికి పిలిచి రెండు షీట్లూ పక్కపక్కన పరిచాడు. "ఒకే తప్పు రెండు చోట్ల. ఇందులో ఒకటి దొంగ షీటు. ఏది?" అన్నాడు.

"సార్, నేను గీసిన సార్" అన్నది ఆమె.

సారు ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "మీ నాన్నగారు ఇరిగేషన్‌లో కదమ్మా?" అన్నాడు.

"అవును సార్" అన్నాను.

నేను అన్నది అంతే. అబద్ధం కాదు, మా నాన్న ఇరిగేషన్‌లోనే చేసేవాడు. సారు తల ఊపి ఆమె షీటు తీసుకుని నిలువునా చింపాడు. నాది నా చేతికిచ్చి "తలుపు సరిచేసి తీసుకురా" అన్నాడు. నేను వచ్చి కూర్చుని, రబ్బరు తీసుకుని తలుపు సరిచేశాను. ఒక్క గీత కూడా లావుగా పడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు రోజుల తర్వాత బట్టలు ఉతికే దగ్గర ఆమె అడిగింది. "నువ్వెందుకు చెప్పలే?" అని. "సారు నన్ను అడగలేదు కదే" అన్నాను. బట్ట పిండుతూ, "అవ్, అడగలే" అన్నది. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నా పెళ్లికి వచ్చి మూడు రోజులు పని చేసింది. ఉద్యోగం వచ్చిందంటే గద్వాల నుంచి స్వీటు డబ్బా పట్టుకుని బస్సులో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నాకు ఆమె మీద కోపం వచ్చేది. నన్ను తిడితే నేనూ ఒక మాట అని తేల్చుకునేదాన్ని కదా అని. ఇట్లాంటి బుద్ధి కూడా మనిషికి ఉంటుంది.

హోటల్లో ఆ పిల్ల ముఖం చూస్తూ ఇంక ఊరుకోలేకపోయాను. "మీ అమ్మ కాపీ కొట్టలేదు. ఆ షీటు మీ అమ్మది. దించింది నేను" అన్నాను.

 హైదరాబాదు ఆమె నా వీపు తట్టింది. "నీకు ఎప్పుడు గిదే. పిల్ల ముంగట దాని ఇజ్జత్ పోతదని నువ్వు నెత్తిన ఏస్కుంటున్నవ్. నీది పెద్ద మనసే!"

పెబ్బేరు ఆమె కళ్లు తుడుచుకుంది కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. ఎంగిలి చేత్తోనే బల్ల మీద కొట్టాను. "పెద్ద మనసు లేదు, పాడు లేదు. బాత్రూము తలుపు అటు పెట్టిందెవరు? ఆలోచించండి ఒక్కసారి. నేను పెడతానా అటు?" అని ఆదివారం సినిమా నుంచి రబ్బరు దాకా మొత్తం చెప్పాను.

"మా ఇంట్ల తలుపు ఇప్పటికి గట్లనే పెరటి దిక్కు ఉంటది" అన్నది పిల్ల మెల్లగా. "అమ్మనే గీసింది ప్లాను."

అప్పుడు నమ్మారు. హైదరాబాదు ఆమె తన పళ్లెంలోకి చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లు ఆ పేరు పెట్టి పిలిచింది ఆమే.

"మరి గప్పుడెందుకు చెప్పలే పెద్దమ్మా?" అన్నది పిల్ల.

సారు నన్ను అడగలేదు అనే మాట నాలుక దాకా వచ్చింది. ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నది అదే కదా. మింగేశాను. "చెప్తే నా ఏడాది పోయేది. మీ అమ్మది పోతే పోనీ అనుకున్నాను" అన్నాను. పిల్ల నన్ను ఒక చూపు చూసి, తల్లి పక్కకు కుర్చీ జరుపుకుని, ఆమె భుజానికి ఆనుకుంది. తల్లి పళ్లెంలో మిగిలిన అన్నం తను తినేసింది. నాతో ఇంక మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

లేచాక చేతులు కడుక్కునే దగ్గర గద్వాల ఆమే నా వెనక వచ్చింది. కొళాయి విప్పి, నా చేతికి సబ్బు అందించింది.

"గిన్నేండ్లకైనా చెప్పినవ్, చాలు. నా బిడ్డ ముంగట నా తల నిలబెట్టినవ్" అన్నది. తనూ చెయ్యి కడుక్కుంటూ, "మా నాయిన ఉంటే బాగుండు. ఆయన నేను కాపీ కొట్టిన్ననే అనుకుంట పోయిండు. నేను కాదంటే ఇనలే. గంత పెద్ద సారు ఉత్తగనే చింపుతడా అన్నడు" అన్నది.

నేను సబ్బు రుద్దుకుంటూనే ఉన్నాను.

షీటు చింపాక సారు పిలిపిస్తే వాళ్ల నాయన కాలేజీకి వచ్చిన రోజు ఆమె గదిలోంచి బయటికి రాలేదు. ఆయన ఎక్కడో పనిలోంచి నేరుగా వచ్చాడు, కాళ్లకు సిమెంటు ఇంకా ఉంది. సారు ముందర చేతులు కట్టుకుని నిలబడి, క్షమాపణ కాగితం మీద వేలిముద్ర వేసి బయటికి వచ్చాడు. వరండాలో నేను కనబడ్డాను. కూతురి స్నేహితురాలినని ఆయనకు తెలుసు. దగ్గరికి వచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అన్నాడు. "బిడ్డా, నువ్వు బుద్ధిమంతురాలివి. మా పిల్లకు జర నువ్వు చెప్పు. ఒకరిది చూసి గీసుడు మంచిది కాదని చెప్పు. నా మాట ఇంటలేదు, నువ్వు చెప్తే ఇంటది."

"చెప్త కాకా" అన్నాను.

ఆ సంగతి ఆమెకు తెలియదు. బల్ల దగ్గర అంతా చెప్పానన్నాను కదా, ఇది చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పాలని నోరు తెరిచాను. ఆమె నా తడి చేతులు తన కొంగుతో తుడుస్తోంది. తుడవనిచ్చాను.