తువ్వాళ్ళ మీద కూర్చున్న ఆరుగురు

దోహాలోని మదీనత్ ఖలీఫాలో గదులుగా విడగొట్టి అద్దెకిచ్చే ఒక పాత విల్లా ఉంది. అందులో వెనకవైపు గదిలో పదకొండేళ్ళుగా ఉంటున్నాడు కృపారావు. ఊరు రాజోలు దగ్గర. లుసైల్‌లో ఒక నిర్మాణ కంపెనీ ఆఫీసులో, ఏ డ్రాయింగు పాతదో ఏది కొత్తదో చూసి సైటుకు పంపడం అతని పని. వయసు నలభై ఏడు. పెళ్ళెందుకు కాలేదని అడిగేవాళ్ళకు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసేసరికి వయసు దాటిపోయిందని చెప్తాడు. అసలు సంగతి, అతను గే. ఖతర్‌లో దాన్ని చట్టం ఒప్పుకోదు. రాజోలులో దానికి మర్యాదైన మాట కూడా లేదు.

డ్యూటీ నుంచి వచ్చి, గడియ వేసుకుని, బట్టలన్నీ తీసేసి ఏసీ కింద కూర్చుని అన్నం తినడం అతనికి హాయి. పగలంతా దాచుకోవాల్సినవి బోలెడుంటాయి. ఆ గంటసేపు దాచేదేమీ ఉండదు.

2019లో సెలవు దొరికితే ఇంటికి వెళ్ళకుండా థాయ్‌లాండ్ వెళ్ళాడు. అక్కడ తనలాంటి మగవాళ్ళు బట్టల్లేకుండా గడిపే ఒక రిసార్టు ఉందని నెట్‌లో చదివాడు. మొదటిరోజు గదిలోంచి బయటికి రావడానికే గంట పట్టింది. వచ్చి చూస్తే ఈతకొలను పక్కన బొజ్జలు, ఆపరేషన్ మచ్చలు, నెరిసిన ఛాతీలు. ఎవరి తువ్వాలు వాళ్ళు పరుచుకుని కూర్చోవాలి, ఫొటోలు తీయకూడదు, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు. ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. ఇద్దరు చదరంగం ఆడుతున్నారు. పక్కనే నలుగురైదుగురు తెలుగులో మాట్లాడుకోవడం విని కృపారావు ఆగిపోయాడు.

వాళ్ళలో నిసార్ అహ్మద్ ఒకడు. జగిత్యాల మనిషి, ఖతర్‌లోనే బిర్కత్ అల్ అవామిర్‌లో గోడౌన్ సూపర్‌వైజరు. ఒకే దేశంలో అన్నేళ్ళున్నా ఎదురుపడలేదు. ఇంకొకడు విశాఖలో ఒక బ్యాంకులో పనిచేసే నగేష్. కృపారావుతో కలిపి ఆరుగురయ్యారు. మధ్యలో కోవిడ్ రెండేళ్ళు తప్ప, ఏటా అక్కడే కలుసుకున్నారు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు.

దోహాలో మాత్రం కృపారావు, నిసార్ శుక్రవారాలు మెడదాకా గుండీలు పెట్టుకుని టీ కొట్టు దగ్గర కలిసేవారు. అసలు సంగతులు బయట మాట్లాడుకోలేరు కనక రాజకీయాలు మాట్లాడుకునేవారు. 2022లో ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిగిన నెలలో తమలాంటివాళ్ళ గురించి లోకమంతా వాదించుకుంది. ఆఫీసులోనూ వాదించుకున్నారు. కృపారావు కంప్యూటర్‌లోంచి తలెత్తలేదు. ఆటలు అయిపోయాయి, వాదనా ఆగిపోయింది. మరుసటేడు అక్టోబరులో ఢిల్లీలో సుప్రీంకోర్టు తమ పెళ్ళిళ్ళకు గుర్తింపు ఇవ్వలేమన్నప్పుడు ఆరుగురూ ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రోజు నగేష్ ఏడుస్తుంటే ఊరుకోబెట్టింది నిసారే.

2024 ఎన్నికలప్పుడు అదే నగేష్, ఏదో వాదనలో, మీవాళ్ళకి అసలీ దేశంలో ఓటెందుకని నిసార్‌ని ఉద్దేశించి గ్రూపులో రాశాడు. కృపారావు చదివాడు. జవాబు టైపు చేసి తుడిపేశాడు. తనూ చర్చికి వెళ్ళేవాడే, ఆ మాట రేపు తన మీదికీ వస్తుందని తెలుసు. అందుకేనేమో పంపలేదు. మిగతావాళ్ళూ మాట్లాడలేదు. సాయంత్రానికి నిసార్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

మూడు శుక్రవారాలు ఫోనెత్తలేదు. నాలుగో శుక్రవారం కృపారావు టాక్సీలో అతనుండే కంపెనీ క్యాంప్‌కు వెళ్ళాడు. నిసార్ గేటు బయటికి వచ్చాడు.

"నేనప్పుడు మాట్లాడాల్సింది, భాయ్."

"నగేష్ మాటకు నాకు బాధ లేదు" అన్నాడు నిసార్. "అసుంటివి మస్తు ఇన్న. నువ్వు సదివినవని ఫోన్ల కనవడ్డది. పొద్దుమూకేదాంక జూసిన."

టీ తాగుదామని కృపారావు అంటే, డ్యూటీ ఉందని నిసార్ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ డిసెంబరులో కృపారావు థాయ్‌లాండ్ వెళ్ళాడు. నగేష్ ఏమీ జరగనట్టే పలకరించి పక్కన తువ్వాలు పరిచాడు. ఓటు గురించి అన్న ఆ మాట తప్పని కృపారావు మెల్లగా అన్నాడు.

"ఇక్కడికొచ్చి కూడా రాజకీయాలెందుకన్నా?"

"నిసార్ ఇక్కడ లేడు కదా, అందుకు."

నగేష్ తువ్వాలు తీసుకుని అవతలి గట్టుకు పోయాడు. మిగతా ముగ్గురూ అతని వెంటే వెళ్ళారు. నాలుగు రోజులు కృపారావు ఒక్కడే ఈదాడు, ఒక్కడే తిన్నాడు. బట్టలు విప్పితే మనుషుల మధ్య ఏ అడ్డూ ఉండదని ఒకప్పుడు నమ్మాడు. ఈసారి మాత్రం ఒంటిమీద ఏదైనా కప్పుకుంటే బాగుండుననిపించింది.

దోహా వచ్చాక జరిగిందంతా నిసార్‌కు రాసి పంపాడు. రెండు రోజులకు జవాబొచ్చింది. "మంచిది. పానం పైలం." జాగ్రత్తగా ఉండమని, అంతే. కృపారావు దాన్ని చాలాసార్లు చదువుకున్నాడు. ఇప్పటికీ శుక్రవారాలు ఆ టీ కొట్టుకే వెళ్తాడు. బయట బల్ల మీద ఒక్కడే కూర్చుని, టీ తాగి, బస్సెక్కి గదికి వస్తాడు.